పట్టీ మొదట్లో బొడిపె

వదిన గురక మొదలైతే గానీ ఆమె ఆ బుట్ట ముట్టుకునేది కాదు.

మధ్యాహ్నం స్కూలు ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, గిన్నెలు సింకులో పడేసి, ముందు గదిలో సోఫా అంచున కూర్చునేది. పక్క గది తలుపు ఓరగా ఉండేది. లోపల వదిన, అంటే భర్తకి అక్క, గోడవైపు తిరిగి పడుకుని కాసేపు దగ్గి, తర్వాత సన్నగా ఈల వేసినట్టు గురక పెట్టేది. ఆ ఈల చెవిన పడగానే ఆమె బుట్టలోంచి దుప్పటి తీసి ఒళ్ళో పరుచుకునేది. కొసన వేలాడే కొక్కేన్ని తప్పించి, ఊలు పోగు పట్టుకుని లాగేది. క్రోషే పనిలో ఉన్న సుఖం అదే, ప్రమాదమూ అదే. పోగు కొస దొరికితే చాలు, ఎంత పనైనా ఎదురు చెప్పకుండా ఊడి వచ్చేస్తుంది. చిట్, చిట్, చిట్. వదిన పొద్దున్నంతా కూర్చుని అల్లింది టీ నీళ్ళు కాగేలోపు ఉంగరాలు తిరిగిన దారమై కాళ్ళ దగ్గర పడేది.

తర్వాత అదే దారంతో అదే మేర మళ్ళీ అల్లేది. తప్పు లేకుండా.

అప్పట్లో అది దొంగతనం అనిపించలేదు. దొంగ పట్టుకుపోతాడు, తను తెచ్చి పెడుతోంది. సాయం అనుకుంది. సాయమే అయితే గురక కోసం ఎందుకు కాచుకుంటున్నావు అని లోపల ఎవరో అడిగేవారు. పెద్దావిడ మనసు నొచ్చుకోకూడదని, అని జవాబు సిద్ధంగా ఉండేది. జవాబు అంత త్వరగా దొరకడమే అనుమానించాల్సిన సంగతి. ఆమె అనుమానించలేదు.

వదిన ఒకప్పుడు బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాజాలు కుట్టేది. కాజాలు కుట్టి కుట్టి కళ్ళు అరగదీసుకున్నానంటుంది. డాక్టర్లు మాత్రం కాజాల మీద తప్పు లేదన్నారు. చూపు మధ్యలో పోయి అంచుల్లో మిగిలింది. ఎదురుగా నిలబడిన మనిషి ముఖం కనపడదు, ఆ మనిషి చెవి పక్కనున్న గోడ కనపడుతుంది.

"మరదలా, నీ మొహంలో ఇప్పుడు నాకు దక్కేవి చెవులే. మంచి కమ్మలు పెట్టుకో, అవైనా చూస్తాను" అనేది.

"మీ తమ్ముడి మొహం చూడాలని లేదా వదినా?"

"దాని గురించి బెంగలేదు. చిన్నప్పుడే చాలినంత చూశాను."

చూపుతో పోయినవాటిని వదిన ఒక్కొక్కటే వేళ్ళతో రాబట్టుకుంది. పంచదార డబ్బాకి రబ్బరు బ్యాండు, ఉప్పు డబ్బాకి లేదు. స్టవ్ పిడి మీద, సన్న మంట దగ్గర వేలికి తగిలేలా, గోళ్ళరంగు చుక్క గట్టిపడి ఉంటుంది. తన తువ్వాలు మూలకి ముడి. ఇల్లంతా వదిన వేళ్ళకి మాత్రమే అర్థమయ్యే గుర్తులు. ఇవన్నీ ఆమెకి తెలుసు. పంచదార డబ్బాకి రబ్బరు బ్యాండు తెగితే కొత్తది వేసేది తనే.

దుప్పటి ఆలోచన మాత్రం ఆమెదే. స్కూల్లో పెద్ద మేడమ్ రిటైరవుతోంది. ఏమివ్వాలని స్టాఫ్ రూమ్‌లో తర్జనభర్జన పడుతుంటే, "మా వదిన చేత క్రోషే దుప్పటి అల్లిస్తాను. చూస్తే బుట్ట నేసినట్టే ఉంటుంది. ఆవిడకి చూపు లేదు తెలుసా?" అంది. "అబ్బ!" అన్నారందరూ. ఆ 'అబ్బ' ఆమె చేసిన పనికి కాదు. అయినా దాన్ని ఆమే ఇంటికి మోసుకొచ్చుకుంది.

బుట్ట అల్లిక కష్టమైనదేం కాదు, ఓపిక కావాలి. కింది వరుసలోని కుట్టు కాడ చుట్టూ కొక్కేన్ని ముందు నుంచి తిప్పితే ఆ కుట్టు ఉబ్బుతుంది, వెనక నుంచి తిప్పితే లోపలికి పోతుంది. కొన్ని ఉబ్బు, కొన్ని లోతు. కొన్ని వరుసలు కలిసిన ఒక పట్టీ పూర్తయ్యాక తారుమారు చేయాలి, ఉబ్బు మీద లోతు, లోతు మీద ఉబ్బు. అప్పుడు వెదురు బద్దలు ఒకదాని కిందినుంచి ఒకటి దూరినట్టు కనపడుతుంది. చూపున్న రోజుల్లో వదినే ఆమెకి నేర్పింది. అందుకే ఇద్దరి చేతులూ ఇంచుమించు ఒకలా నడుస్తాయి. అందుకే ఆ మధ్యాహ్నపు పని సాగింది.

దుప్పటి మోకాళ్ళని కప్పేంత అయినప్పుడు ఆమె మొదటిసారి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. గళ్ళు ఒద్దికగా ఉన్నాయి. కానీ కుడి అంచున, ప్రతి పట్టీ మొదట్లో, ఒక బొడిపె. ఒకే కుట్టులోకి నాలుగైదు పోగులు దూరి ముద్దకట్టినట్టు, శనగగింజంత. ఒకసారి కనపడ్డాక అవి తప్ప ఇంకేం కనపడలేదు. పాపం, కొత్త పట్టీ మొదలుపెట్టేటప్పుడు తడబడుతోంది అనుకుంది. పెద్ద మేడమ్ ఇంట్లో, సోఫా వీపు మీద ఈ దుప్పటి పరిచి ఉండటం ఊహించుకుంది. ఎవరో బొడిపె మీద వేలు పెట్టి "పాపం, చూపు లేదుగా" అంటారు. ఆమెకి కావలసింది 'పాపం' కలవని 'అబ్బ'.

కింది పట్టీల్ని ఏమీ చేయలేం. ఆ వైపు పరుపు కిందికి దోపుకోమని చెప్పొచ్చు. ఇకముందువి సరిచేయొచ్చు.

అలా మొదలైంది. ఆ పని ఆమెకి నచ్చింది కూడా. పొద్దున్నంతా ఆఫీసులో ఎవరివో టీసీలు, ఎవరివో హాజరు పట్టీలు. ఇంటికొస్తే మొగుడి చొక్కాలు. ఈ ఒక్క గంటా తను లోకంలో ఒక వంకరని తిన్నగా చేస్తోంది. బొడిపె ఊడి నున్నటి అంచు వచ్చినప్పుడు, గుచ్చుకున్న ముల్లు బయటికి వచ్చినంత హాయి. వదినకి తెలియకపోవడంలోనే గొప్పతనం ఉందనుకుంది. చెప్పకుండా చేసే మేలే మేలు.

కొన్నాళ్ళకి వదిన పని నెమ్మదించింది.

పొద్దున్న ఆమె స్కూలుకి బయల్దేరే వేళకి వదిన దుప్పటి ఒళ్ళో పెట్టుకుని అంచు వెంట బొటనవేలు నడిపిస్తూ ఉండేది. పైకి, కిందికి. దుప్పటి తిరగేసి మళ్ళీ పైకి, కిందికి.

"ఏం వెతుకుతున్నారు వదినా?"

"నా బుర్రని."

"దొరికిందా?"

"ఉంటే దొరకదూ" అని నవ్వేది. ఆ నవ్వు మొదలవుతూనే ఆగిపోయేది.

ఆ రోజుల్లోనే అసలైన తప్పులు రావడం మొదలైంది. ఉబ్బు ఉండాల్సిన చోట లోతు. ఒక గడి మీద మళ్ళీ అలాంటిదే గడి వచ్చి, బుట్ట నేతలో పొడుగాటి వెలితి. ఒకసారి దుప్పటి తిరగేసి వెనక వైపు నుంచే అల్లుకుపోయింది. ఆమె మధ్యాహ్నం అవన్నీ విప్పింది. చూశావా, నువ్వు పూనుకోకపోతే ఏమయ్యేదో అని తనకి తనే చెప్పుకుంది. వదినకి నిజంగానే చేతకావడం లేదు. ఆ రుజువు రోజూ ఒళ్ళోకి వచ్చి పడుతోంది. ఆ రుజువుని తయారుచేస్తున్నది ఎవరో ఆలోచించలేదు.

దుప్పటి దగ్గర పుట్టిన అనుమానం ఇంట్లోకి పాకింది. వదిన టీ కలుపుతూ చెంచా గాల్లో ఆపి, "ఇది పంచదారేనా?" అని అడిగింది.

"రబ్బరు బ్యాండు ఉంది కదా వదినా."

"ఉందనే అనుకుంటున్నాను. ఉందా?"

తర్వాత టీ పెట్టడం మానేసింది. స్టవ్ దగ్గరికి పోవడం మానేసింది. సాయంత్రాలు కింది అంతస్తులో ఉండే స్నేహితురాలి దగ్గరికి గోడ పట్టుకుని దిగి వెళ్ళేది, అదీ మానేసింది. "ఆవిడ మాటలు విని విని చెవులు కూడా పోతాయి" అని సాకు చెప్పింది. సోఫాలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఎప్పుడూ ఏదో ఒకటి తడుముతుండే ఆ చేతులు ఊరికే ఉండటం చూస్తే ఆమెకి ఎక్కడో చిన్న భయం కదిలేది. వయసు, అనుకునేది.

ఒక సాయంత్రం ముగ్గురూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉండగా వదిన అంది, "ఒరే తమ్ముడూ, నన్నోసారి డాక్టరుకి చూపించరా."

"మొన్ననేగా కళ్ళు చూపించాం."

"కళ్ళకి కాదు. తలకి."

"తల ఉందని ఎవరు చెప్పారక్కా నీకు?" అన్నాడు తమ్ముడు. అక్కాతమ్ముళ్ళ మధ్య ఎప్పుడూ ఉండే ఆట అది. ఆవిడ బంతి తిరిగి విసరలేదు. అతని చేయి కంచంలో ఆగింది.

"మతి పోతోందిరా నాకు" అంది వదిన. బల్ల మీద వేలితో గీత గీస్తూ నిదానంగా చెప్పింది. "దుప్పటి అల్లేటప్పుడు ప్రతి పట్టీ మొదట్లో ఒక బొడిపె పెడతాను. నా వేలికి గుర్తు. బొడిపె దొరికితే ఇది ముందు వైపు, ఇక్కడినుంచి తారుమారు చేయాలి అని. అంతా అయ్యాక వాటిని లోపలికి లాగి అంచు కుట్టేస్తే ఎవరికీ కనపడవు. కాజా చుట్టూ ముందు పచ్చి కుట్టు వేసుకుని తర్వాత తీసేయమూ, అలాగ. ఈమధ్య పెట్టానని గట్టిగా గుర్తుంటుంది. పొద్దున్న తడిమితే ఉండటం లేదు. ఒక రోజు కాదు, రోజూ. పెట్టానని ఒట్టేసి చెప్పగలను, ఉండదు. ఇంక దేన్ని నమ్మమంటావు? డబ్బాని నమ్మనా, స్టవ్‌ని నమ్మనా?"

సిగ్గు ముఖానికి వస్తుందంటారు. ఆమెకి చేతులకి వచ్చింది. కంచం పక్కనున్న ఎడమ చేయి తనది కానట్టు చల్లబడింది. ప్రతి పట్టీ మొదట్లో. కుడి అంచునే. ఒకే పరిమాణం. తప్పులకి అంత క్రమం ఉంటుందా? రబ్బరు బ్యాండుని చూసి గుర్తు అనుకున్న మనిషి, బొడిపెని చూసి పొరపాటు అని ఎందుకు అనుకుంది? జవాబు ఈసారీ త్వరగానే వచ్చింది. చూపు లేని మనిషి చేతిలో తప్పు కనపడాలని తను ముందే తీర్మానించుకుంది.

ఇప్పుడు చెప్పాలి. ఒక్క వాక్యం. నోరు తెరిచింది.

"మర్చిపోవడం అందరికీ ఉండేదే వదినా" అంది. "నేనూ అంతే. తాళం వేశానో లేదో అని మెట్ల మీంచి రోజూ వెనక్కి వస్తాను."

ఎంత మెత్తగా అంది! వదిన బల్ల మీద తడుముకుంటూ వచ్చి ఆ చల్లటి చేతిని పట్టుకుని నొక్కింది. ఓదార్చినందుకు.

ఆ నొక్కుడు ఆమెని చాలాసేపు వదల్లేదు. చేయి సబ్బుతో కడిగింది. మళ్ళీ కడిగింది. తెలియక చేసినదానికి సిగ్గుపడొచ్చు, దానికి ఒక మర్యాద ఉంటుంది. తెలిసిన తర్వాత ఆడిన ఆ మాటకి ఏ మర్యాదా లేదు.

మర్నాడు మధ్యాహ్నం, తనకి తెలిసిన ఒకే దారిలో మళ్ళీ వెళ్ళింది. ఈల వినపడగానే దుప్పటి తీసి, తను సరిచేసినంత మేరా విప్పడం మొదలుపెట్టింది. ఒక్క మధ్యాహ్నంలో తెమిలే పని కాదు. స్కూలుకి సెలవు పెట్టింది, తనకి తలనొప్పి అని వదినతో చెప్పింది. బల్ల దగ్గర ఆ మాట చెప్పాక వదిన మళ్ళీ దుప్పటి అడగలేదు కాబట్టి అడ్డేం లేదు. ప్రతి పట్టీ మొదట్లో శనగగింజంత బొడిపె, కింది పట్టీల్లో వదిన పెట్టిన పాతవాటిని చూసుకుంటూ, అచ్చం అలాగే పెట్టింది. చెప్పకుండా చెడగొట్టినదాన్ని చెప్పకుండా బాగుచేస్తే లెక్క సరిపోతుందనుకుంది. సిగ్గులో ఉన్న మనిషికి ఇంతకన్నా తెలివైన ఆలోచన రాదు.

అంతా అయిన రోజు సాయంత్రం దుప్పటి తెచ్చి వదిన ఒళ్ళో పెట్టింది. "చూడండి వదినా. బొడిపెలు ఉన్నాయి కదా, మీరే సరిగ్గా తడిమి ఉండరు."

వదిన బొటనవేలు అంచు మీదికి వెళ్ళింది. మొదటి బొడిపె. రెండోది. పైకి, ఇంకా పైకి, కొస దాకా. అన్నీ ఉన్నాయి. ఆమె వదిన ముఖంలో వెలుగు కోసం చూసింది.

వదిన వేలు వెనక్కి తీసుకుంది, కాలినట్టు.

"ఇవి లేవు" అంది. గొంతు చాలా చిన్నదైపోయింది. "రోజూ తడిమాను పిల్లా. లేవు. ఇవాళ ఉన్నాయి. అంటే బుర్రే కాదు, వేళ్ళు కూడా పోయాయి." దుప్పటిని మెల్లగా పక్కకి తోసింది. "దీన్ని తీసెయ్. మీ మేడమ్‌కి ఇంకేదన్నా కొనివ్వు."

ఆమె దుప్పటి పట్టుకుని నిలబడిపోయింది. చెప్పు, చెప్పు అని లోపల ఎవరో కేకలు పెడుతున్నారు. వదిన లేచి గోడ పట్టుకుని గదిలోకి వెళ్ళి, ఇంకా చీకటి పడకుండానే లైటు వేసుకుంది. వెలుగుతో పనిలేని మనిషి.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సింది తమ్ముడు. అతనికి ఆఫీసులో సెలవు దొరకలేదు. "నువ్వు తీసుకెళ్ళు. నీ మాటంటే అక్కకి గురి" అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానికొకటి ఇనుప కడ్డీతో బిగించి ఉన్నాయి, ఎవరు కదిలినా అందరూ కదులుతారు. గోడ మీద మెదడు బొమ్మ, రంగురంగుల ముక్కలుగా. వదిన ఉతికిన చీర కట్టుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, పరీక్షకి వచ్చిన పిల్లలా నిటారుగా కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి.

"ఏంటి వదినా?"

"వారాలు వెనక్కి చెప్పమంటారట. కింది అంతస్తు ఆవిడ వచ్చి చెప్పింది. చదువుకుంటున్నాను." గొంతు తగ్గించింది. "శనివారం, శుక్రవారం, గురువారం, బుధవారం, మంగళవారం, సోమవారం, ఆదివారం. సరిపోయిందా?"

"సరిపోయింది."

"నిజంగా సరిపోయిందా, ఊరికే అంటున్నావా? నా మొహం చూసి చెప్పు. నీ మొహం నాకెలాగూ కనపడదు, నువ్వైనా చూడు." మళ్ళీ మొదలుపెట్టింది. "శనివారం, శుక్రవారం..."

"వదినా, బొడిపెలు నేను విప్పాను."

చెప్పాలని అనుకోలేదు. గురువారం దగ్గర నోటినుంచి జారిపోయింది.

వదిన పెదాలు ఆగాయి. "ఏమన్నావు?"

"మీరు పెట్టారు. రోజూ పెట్టారు. మధ్యాహ్నం మీరు పడుకున్నాక నేను విప్పి మళ్ళీ అల్లాను. తప్పులనుకున్నాను."

"మొన్న ఉన్నవి?"

"అవి నేను పెట్టాను."

వదిన ఊపిరి వదిలింది. అది చాలా పొడుగ్గా, చాలా రోజులుగా లోపల దాచినట్టు బయటికి వచ్చింది. కుర్చీ వెనక్కి వాలింది, ఆ వరసంతా ఊగింది. "అమ్మయ్యా" అంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా నవ్వింది. "అమ్మయ్యా. నా వేళ్ళు నావేనన్నమాట."

ఆమె కూడా ఏడవబోయింది. క్షమించేసిందనుకుంది. ఒక్క క్షణం.

"ఆ రోజు బల్ల దగ్గర," అంది వదిన. నవ్వు లేదు. "మర్చిపోవడం అందరికీ ఉండేదే అన్నావు."

"అన్నాను."

"అప్పటికి నీకు తెలుసా?"

ఎదురు వరసలో ఎవరో తమ తండ్రికి బూటు లేసు కడుతున్నారు. ఆమె ఆ ముడి పూర్తయ్యేదాకా చూసింది. "మీరు బొడిపె గురించి చెప్పగానే తెలిసింది. తెలిశాకే అన్నాను."

"ఊఁ."

"నన్ను..."

"ఉండు. విప్పావు, సరే. కాజాలు బాగా లేవని నావీ విప్పేవాళ్ళు ఫ్యాక్టరీలో. మొహం మీదే విప్పేవాళ్ళు, తిట్టి మరీ విప్పేవాళ్ళు. అడిగి ఉంటే నువ్వూ తిట్టు తిని ఊరుకునేదానివి. ఆ మాట మాత్రం..." వదిన తలని పక్కకి తిప్పింది, మనిషిని చూపు అంచుతో అందుకోవడానికి తిప్పినట్టు. "నీ చేయి పట్టుకున్నాను చూడు. అది గుర్తొస్తోంది నాకు."

అదే తనకీ గుర్తొస్తోందని చెప్పడం కూడా దొంగతనమే అవుతుంది.

నర్సు తలుపు తీసి, "పెద్దమ్మా, రండి" అని పిలిచింది.

"ఇంటికి వెళ్ళిపోదాం వదినా. ఇంక అవసరం లేదు కదా" అంది ఆమె లేస్తూ.

"నాకుంది అవసరం. నా మతి బాగుందని నీ నోటినుంచి విన్నాను. అది చాలదు. ఆయన నోట కూడా వింటాను." వదిన నర్సు వైపు చేయి చాపింది. "నువ్విక్కడే కూర్చో."

తలుపు మూసుకుంది. ఆమె కూర్చుంది. పక్క కుర్చీ ఖాళీ అయ్యాక ఆ వరస తేలికగా ఊగుతోంది. లోపల్నుంచి ఒకసారి వదిన గొంతు, తర్వాత మగ గొంతు నవ్వు వినపడ్డాయి. తలుపు సందులోంచి ఇంకొంచెం వినాలని చెవి అటు వెళ్ళింది. గురక కోసం కాచుకున్న చెవే ఇది అని గుర్తొచ్చి, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

వదిన బయటికి వచ్చింది. "వారాలు వెనక్కి చెప్పమన్నాడు. నెలలు కూడా చెప్పాను. ఇక చాలమ్మా అన్నాడు." బ్యాగు భుజానికి తగిలించుకుంది. "మా మరదలికి ఏదైనా మందుందా అని అడిగాను. ఆ మందు ఇక్కడ దొరకదట."

హాస్యమే. ఎప్పటి హాస్యమే. కానీ అందులో ఆమెకి చోటు వదల్లేదు. ఆమె నవ్వలేదు, నవ్వమని వదిన ఎదురుచూడలేదు.

మెట్ల దగ్గరికి వచ్చారు. వచ్చేటప్పుడు వదిన ఆమె మోచేయి పట్టుకుని ఎక్కింది. ఇప్పుడు ఆమె అలవాటుగా మోచేయి చాపింది. వదిన వేళ్ళు దాన్ని తాకి, దాటి, గోడ వెతుక్కుని, కమ్మీ దొరకబుచ్చుకున్నాయి.

"వదినా, మెట్లు ఎత్తుగా ఉన్నాయి."

"తెలుసు. ఎక్కింది నేనే కదా."

వదిన పాదం గాల్లో వెతికి, మెట్టు అంచు దొరికాక దాని మీద నిలిచింది. ఇంకో పాదం వచ్చి చేరింది. కింది నుంచి ఒకతను గబగబా ఎక్కుతూ వచ్చి, ఆవిడని చూసి గోడకి ఒదిగి నిలబడ్డాడు. వెనక ఉన్న ఆమె వైపు చూశాడు, పట్టుకోవేం అన్నట్టు. ఆమె చేయి తనకి తెలియకుండానే ముందుకు వెళ్ళింది. వదిన నడుముకి జానెడు దూరంలో ఆగింది.

"నీడ పడుతోంది" అంది వదిన, వెనక్కి తిరగకుండా. "చేయి తియ్. పడబోతే అరుస్తాను. అప్పుడు పట్టుకో."

ఆమె చేయి తీసింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండో చేత్తో పట్టుకుంది. వదిన ఇంకో మెట్టు వెతుక్కుంటోంది. ఆమె పై మెట్టు మీదే ఆగి, ఆ పాదం కుదురుకునేదాకా కదలకుండా నిలబడింది.